కోట ఆటలో అన్న ముఖం

మచిలీపట్నం,
18 జనవరి 2025

క్రాంతి అన్నయ్యకు నమస్కారం.

నేను నీలోఫర్‌ని. అద్దకం అచ్చులు చెక్కే మీరా సాహెబ్ గారి అమ్మాయిని, మీ ముజీబ్ చెల్లెల్ని. మీరిద్దరూ గుడివాడలో కంప్యూటర్ కోర్సు చదివే రోజుల్లో నాకు తొమ్మిదేళ్ళు. ఆదివారం ఆదివారం అన్నతో కలిసి మా ఇంటికి వచ్చేవారు, నా రిబ్బన్లు దాచేసి ఏడిపించేవారు. మీ చిరునామా పాత డైరీలో దొరికింది. మీరింకా నాగాయలంకలోనే ఉన్నారని నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌కి అక్కడి నుంచి వచ్చిన ఒకావిడ చెప్పారు.

చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు. మా ఇంట్లో ఒక మనిషి ఉన్నాడు. తానే ముజీబ్‌నంటున్నాడు. నాకు చాలా భయంగా ఉంది.

డిసెంబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం భుజాన సంచీతో వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా సూరత్ బట్టల మిల్లుల్లో ఉన్నానన్నాడు. అమ్మకి ఇప్పుడు కళ్ళు దాదాపు కనిపించవు. అతని ముఖమంతా చేత్తో తడిమి, కనుబొమ్మ మీద మచ్చ తగలగానే నా బిడ్డేనని ఏడ్చేసింది. అన్నకి మచ్చ ఉన్నమాట నిజం. చిన్నప్పుడు నాన్న చేతిలో ఉలి జారి తగిలిందని ఇంట్లో చెప్పుకునేవారు. కానీ ఏ వైపు కనుబొమ్మో నాకు గుర్తులేదు. ఇతనికి ఎడమవైపు ఉంది. కనుబొమ్మ మీద గాటున్న మగవాళ్ళు ఈ ఊళ్ళో పాతికమంది ఉంటారు.

వెళ్ళిపోయే ముందు అన్న నాకొకటి చేసిస్తానని మాట ఇచ్చాడు. అదేమిటో అమ్మకి కూడా తెలియదు. ఇతన్ని పరీక్షిద్దామని, "నాకేం చేసిస్తానన్నావు?" అని అడిగాను. "ఇంకా అవలేదు" అన్నాడు. తెలియనివాడు తప్పించుకునే జవాబు కాక ఇదేమిటి? ఫోటో తీయబోతే ముఖం తిప్పుకుని, "ఈ ఇంట్లో వద్దమ్మా, నాన్న ఒప్పుకోడు" అన్నాడు. నాన్న పోయి పద్నాలుగేళ్ళయింది. వచ్చిన మూడో రోజే నా ఫోన్ పాడైతే తనే విప్పి బాగుచేసి ఇచ్చాడు. అందులో ఏం పెట్టాడో అని అప్పటినుంచీ దాని మీద నాకు నమ్మకం పోయింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీరు కూడా ఇంటికి కాకుండా ల్యాబ్ చిరునామాకే రాయండి.

నాన్న ఉలుల పెట్టె బయటికి తీశాడు. మధ్యాహ్నాలు సానరాయి మీద వాటిని నూరుతూ కూర్చుంటాడు. నేను అన్నానికి వచ్చేటప్పుడు వీధి మలుపు దాకా ఆ చప్పుడు వినిపిస్తుంది. వినిపిస్తే భయం. వినిపించని రోజు ఇంకా భయం, పరుగెత్తుకుంటూ ఇంటికొస్తాను. రంజాన్ అయ్యాక అమ్మని సూరత్ తీసుకెళ్తానంటున్నాడు. అమ్మ అప్పుడే బట్టలు సర్దుకుంటోంది. ముక్కూ ముఖం తెలియని మనిషి వెంట మా అమ్మని రైలెక్కిస్తే ఆ తర్వాత నేనెక్కడని వెతుక్కోను?

అన్న ఫోటో చూసి తేల్చుకుందామంటే ఇంట్లో ఒక్కటీ లేదు. ఎందుకు లేదో మీకు తెలుసు. మీరిద్దరూ తయారుచేసిన కంప్యూటర్ ఆట, ఆ "బందరు కోట" చూడ్డానికి ఆ రోజు వీధంతా మా వసారాలోకి వచ్చింది. ఆఖర్న కొమ్ములతో ఒక షైతాను వచ్చింది. దానికి నాన్న ముఖం, నాన్న గడ్డం, నాన్న టోపీ. అందరూ పడీపడీ నవ్వారు. నాన్న లేచి, ఇంట్లో ఉన్న నాలుగు ఫోటోలూ తీసుకెళ్ళి రంగు కాచే బాన కింద పొయ్యిలో పెట్టాడు. అన్నని పొమ్మన్నాడు. అన్న పోయాడు.

ఒక్క సీడీ మాత్రం నా స్కూలు సంచిలో మిగిలింది. అది దీనితో పంపుతున్నాను. ల్యాబ్ కంప్యూటర్లో పెడితే తెర నల్లబడి ఆగిపోయింది. ఆ ఆటలో కోటలోకి వెళ్ళే వీరుడికి అన్న తన ముఖమే పెట్టుకున్నాడు కదా. ఆ బొమ్మ బయటికి తీయగలరా? అంతకన్నా మీరే ఒకసారి వచ్చి అతన్ని చూస్తే ఇంకా మంచిది.

మీ చెల్లెలు,
నీలోఫర్


నాగాయలంక,
27 జనవరి 2025

చెల్లెలు నీలోఫర్‌కు ప్రభువు పేరట వందనాలు.

ఉత్తరం, సీడీ అందాయి. రిబ్బన్ల దొంగని ఇంకా గుర్తుపెట్టుకున్నందుకు సంతోషం. మీ వదిన సుచిత్ర కూడా నిన్ను అడిగానని రాయమంది.

నాకిక్కడ రొయ్యల చెరువులకి సీసీ కెమెరాలు బిగించే షాపు ఉంది, సొంతానికి ఒక చెరువు కూడా ఉంది. చెరువు ఇప్పుడు పట్టుబడికి వచ్చింది. ఒక్క పూట వదిలి వెళ్ళినా రొయ్య చచ్చి తేలిపోతుంది. అందుచేత నేను రావడం ఇప్పట్లో కుదరదు. వచ్చినా ఇరవై ఏళ్ళ తర్వాత మనిషిని పోల్చుకోగలనని చెప్పలేను. మచ్చ ఏ వైపో నాకూ గుర్తులేదు.

సీడీ తెరిచి చూశాను. బొమ్మలన్నీ "కోట" అనే ఒకే ఒక పెద్ద ఫైల్లో ఉన్నాయి. ఆ ఫైలు మామూలు ఫోటోల్లా తెరుచుకోదు. బొమ్మల్ని ఎలా సర్దాలో, ఎలా తీయాలో ముజీబ్ తన సొంత పద్ధతిలో రాసుకున్నాడు. తయారుచేసిందీ వాడే, తాళంచెవీ వాడి దగ్గరే. ప్రపంచంలో ఇంకే ప్రోగ్రామూ దాన్ని చదవలేదు.

నిజంగా ఆ పాత గొడవ ఇప్పుడు తవ్వాలా చెల్లీ? మనిషి మీద అనుమానం ఉంటే పోలీసుల్ని అడగొచ్చు, ఆధార్ కార్డు అడగొచ్చు. ఆలోచించు. భయపడకు, నీ కోసం ప్రార్థన చేస్తున్నాం.

అన్నయ్య,
క్రాంతి కుమార్


మచిలీపట్నం,
6 ఫిబ్రవరి 2025

క్రాంతి అన్నయ్యకు,

మీ రొయ్యలు చల్లగా ఉండాలి. అవనిగడ్డలో బస్సు మారితే ఇది ఒక పూట ప్రయాణం. మీరు రానంటే సరే, బతిమాలను. ఆధార్ అడిగాను. ముజీబ్ అనే పేరుతోనే ఉంది, సూరత్ చిరునామా, తండ్రి మీరా సాహెబ్. నకిలీ కాగితాలతో వచ్చేవాడు పేర్లు తప్పు వేయించుకుంటాడా?

ఈ వారంలో జరిగినవి రాస్తాను, భయపడొద్దని ఆ తర్వాత చెప్పండి. పెరటి తలుపు గడియ మార్చాడు. పాతది తుప్పు పట్టిందట. కొత్తదాన్ని తీయడం నాకు రెండు చేతులా లాగినా రావడం లేదు. అమ్మకి చెయ్యి పట్టుకుని సముద్రం రోడ్డు వైపు నడక అలవాటు చేస్తున్నాడు, రైలు ప్రయాణానికి కాళ్ళు గట్టిపడాలట. ఒక టేకు చెక్క తెచ్చుకుని రోజూ ఏదో చెక్కుతున్నాడు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే దాని మీద గుడ్డ కప్పేస్తాడు.

సోమవారం అన్నం పెడుతుంటే ఉన్నట్టుండి, "క్రాంతి ఎలా ఉన్నాడు?" అన్నాడు. మీకు రాస్తున్నట్టు నేనెవరికీ చెప్పలేదు. తెలియదన్నాను. "ఆ ఆట సంగతి వాడెప్పుడైనా మీకు చెప్పాడా?" అని మళ్ళీ అడిగాడు. ఏ సంగతి అన్నాను. ఏం లేదని తల వంచుకుని తిన్నాడు. మీ పేరు, ఆట సంగతి బయటివాళ్ళకి ఎలా తెలుస్తాయి? అన్న ఎక్కడో పోతూ పోతూ ఇతనికి అన్నీ చెప్పి ఉంటాడా? అసలు అన్నని ఇతనే ఏమైనా చేశాడా? నిన్న ల్యాబ్‌లో ఒక పెద్దాయనకి సూది రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది.

అన్నయ్యా, మార్చి రెండున ఉపవాసాలు మొదలు. నెల తిరిగితే పండగ. ఆలోగా నాకు ఆ ముఖం కావాలి.

నీలోఫర్


నాగాయలంక,
19 ఫిబ్రవరి 2025

చెల్లెలు నీలోఫర్‌కు,

వారం రోజులు మధ్యాహ్నాలు షాపు మూసేసి కూర్చున్నాను. ఫైలు మొదట్లో ఒక జాబితా ఉంది. ఏ బొమ్మ ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవుందో అందులో రాసి ఉంది. మొత్తం నలభై ఒక్క బొమ్మలు. వీరుడి ముఖం రెండోది.

పొడవు ఉంది కానీ వెడల్పు ఎక్కడా రాయలేదు. వెడల్పు తెలియకపోతే చుక్కలు వరసలో నిలబడవు, ముఖమంతా కుచ్చిళ్ళు జారిపోయినట్టు ఏటవాలుగా జారిపోతుంది. వంద పెట్టి చూశాను, గీతలు. నూటపది, నూటఇరవై, గీతలే. ఒక్కొక్కటే పెంచుకుంటూ పోయాను. నూట ఇరవై ఏడు దగ్గర గీతల మధ్యలోంచి ఒక కన్ను నన్ను చూసింది. పక్కన సగం నోరు. కుర్చీ వెనక్కి లాక్కున్నాను. ఇంకొక్కటి పెంచగానే ముఖం మొత్తం కుదురుకుంది. రంగుల పట్టీ ఫైల్లో ఇంకో చోట ఉంది. అది దొరికేదాకా ఆ ముఖం నీళ్ళలో నానినట్టు నీలంగా ఉంది. సుచిత్ర టీ పట్టుకొచ్చి, చూసి, అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది.

ముజీబే. ఇరవై ఏళ్ళవాడు, పల్చటి మీసం. ఫోటో కాగితం మీద తీసి పంపుతున్నాను. మచ్చ వాడి కుడి కనుబొమ్మ మీద ఉంది. నువ్వు రాసింది ఎడమ అని. మచ్చలు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి నడిచి వెళ్ళవు కదా. మీ ఇంట్లో ఉన్నవాడు ముజీబ్ కాడు. పెద్దవాళ్ళని నలుగుర్ని పిలిచి, గొడవ లేకుండా పంపించెయ్యి.

మిగతా నలభై బొమ్మలూ తెరవలేదు. వాటి అవసరం లేదు. సీడీ నా దగ్గరే ఉండనీ.

అన్నయ్య,
క్రాంతి కుమార్


మచిలీపట్నం,
3 మార్చి 2025

క్రాంతి అన్నయ్యకు,

వెళ్ళిపోయాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. భయం మాత్రం వెళ్ళలేదు.

పక్కింటి కోదండరామయ్య మాస్టారిని, మసీదు పెద్దలు ఇద్దరిని పిలిచాను. శనివారం పొద్దున పది గంటలకి వసారాలో కూర్చున్నారు. మాస్టారు ఫోటో అతని ముందు పెట్టి, "బాబూ, ఇందులో మచ్చ కుడివైపుంది, నీకు ఎడమవైపుంది. ఏమంటావు?" అని మర్యాదగానే అడిగారు. అరుస్తాడనుకున్నాను. ఉలుల పెట్టె ముందే మంచం కిందికి తోసేశాను.

అతను ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. కొంచెం నవ్వాడు కూడా. తర్వాత నావైపు తిరిగి, "దీన్ని ఫైల్లోంచి తీసిందెవరు?" అన్నాడు. క్రాంతి అన్నయ్య అన్నాను. "నేను కాదని క్రాంతి చెప్పాడా?" అన్నాడు. మీ ఉత్తరంలో ఆ వాక్యం మడిచి చూపించాను. చదువుకున్నాడు.

"సరేనమ్మా. వాడు చెప్పాక ఇంక నేనేం చెప్పను" అన్నాడు.

సంచీ సర్దుకున్నాడు. అమ్మ వసారాలోకి తడుముకుంటూ వచ్చి అతని చొక్కా పట్టుకుంది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. మాస్టారు దాన్నే ఒప్పుకోవడం అన్నారు. దొంగయితే వెళ్ళేటప్పుడు ఏదైనా తీసుకెళ్ళాలి. ఇతను ఏమీ తీసుకెళ్ళలేదు. చెక్కుతున్న చెక్క కూడా గుడ్డలో చుట్టి అటక మీద వదిలేశాడు. దాన్ని ముట్టుకోవడానికి నాకు చేతులు రావడం లేదు.

అమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నిన్న మొదటి ఉపవాసం, నేను ఇచ్చిన ఖర్జూరం పక్కన పెట్టి మంచినీళ్ళతో విడిచింది. పోలీసులకి కూడా చెప్పి ఉంచమని మాస్టారి సలహా. అన్న ఫోటోలు ఇంకేమైనా ఉంటే పంపండి, వాళ్ళకిస్తాను. అన్నట్టు, ఆ మనిషి ఎందుకు నవ్వాడో మీకేమైనా తోస్తోందా?

నీలోఫర్


నాగాయలంక,
12 మార్చి 2025

చెల్లెలు నీలోఫర్‌కు,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పోలీసుల దగ్గరికి మాత్రం వెళ్ళకు.

"వాడు చెప్పాక ఇంక నేనేం చెప్పను" అన్నాడని రాశావు. అది చదివి లేచి షాపు మూసేశాను. అదే రోజు మిగతా బొమ్మలన్నీ తెరిచాను. ఏడో బొమ్మ గుడివాడ బస్టాండు. మేమిద్దరం కలిసి తీసిందే. బోర్డు మీద ఊరి పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. బస్సుల మీద నంబర్లు కూడా తిరగబడే ఉన్నాయి. మిగతావన్నీ అంతే.

ముజీబ్ ప్రతి బొమ్మనీ కుడి ఎడమలు తిప్పి ఫైల్లో పెట్టాడు. ఆట ఆడేటప్పుడు తెర మీదికి తెచ్చే ప్రోగ్రాం దాన్ని మళ్ళీ తిప్పి సరిగా చూపిస్తుంది. ఆ ప్రోగ్రాంకి వాడు పెట్టుకున్న పేరు "అద్దకం". ఇదేం పిచ్చిరా, డబుల్ పని అంటే, "అచ్చు తిరగేసే చెక్కాలిరా, లేకపోతే గుడ్డ మీద తప్పు పడుద్ది" అనేవాడు. అచ్చులు చెక్కే ఇంట్లో పుట్టినవాడికి అదొక్కటే దారి అనిపించింది. అప్పుడు నేను వాణ్ణి ఎగతాళి చేశాను, తర్వాత మరిచిపోయాను. నేను నీకు పంపింది అచ్చు, నీలోఫర్. గుడ్డ మీద పడ్డ బొమ్మ కాదు. మచ్చ ఎడమవైపే. వచ్చినవాడు మీ అన్నే.

బొమ్మలన్నీ అప్పుడే తెరిచి ఉంటే ఇది జరిగేది కాదు. ఎందుకు తెరవలేదో కూడా చెబుతాను. జాబితాలో ప్రతి బొమ్మ పక్కన దాన్ని చేర్చినవాడి పొడి అక్షరాలు ఉన్నాయి. నలభైకి ముజీబ్‌వి. నలభై ఒకటోది షైతాను, మీ నాన్నగారి ముఖం. దాని పక్కన ఉన్న అక్షరాలు నావి. ఆయన అచ్చు చెక్కుతుంటే ఇన్‌స్టిట్యూట్ కెమెరాతో చాటుగా తీసింది నేను. ముందురోజు కొమ్ములు పెట్టి చేర్చింది నేను. ముజీబ్‌కి తెలియదు. వీధి నవ్వుతుందనుకున్నాను, నవ్వింది. మీ నాన్నగారు లేచినప్పుడు నేను స్తంభం చాటున నిలబడ్డాను.

ముజీబ్‌కి అక్కడే అర్థమైంది. నా పేరు మాత్రం బయటపెట్టలేదు. ఊరు విడిచి వెళ్ళే ముందు బస్టాండులో నన్ను ఒక్కటే అడిగాడు. "నాన్నకి చెప్తావా?" అన్నాడు. చెప్తాలే అన్నాను. ఇరవై ఏళ్ళయింది. మీ నాన్నగారు పోయారని తెలిసినప్పుడు కూడా, ఇక చెప్పే పని లేదని ఊపిరి పీల్చుకున్నానే కానీ ఏడవలేదు. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు, ఆ మనిషి ముజీబ్ కాకూడదని ప్రార్థన చేశాను. చెరువు వంక పెట్టింది అందుకే. పట్టుబడి అప్పటికే అయిపోయింది.

ఇప్పుడు నాకు భయం వేస్తున్నది వాడెక్కడున్నాడో అని. ఆదివారం చర్చికి వెళ్ళి కూడా తల ఎత్తలేకపోయాను. నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను.

క్రాంతి కుమార్


మచిలీపట్నం,
19 మార్చి 2025

క్రాంతి కుమార్ గారికి,

మిమ్మల్ని తిట్టాలని కూర్చుని మూడు కాగితాలు చించాను. తిట్లన్నీ నా మీదికే తిరిగొస్తున్నాయి. అచ్చు తిరగేసి ఉంటుందని మీరు మరిచిపోవచ్చు, మీది రొయ్యల ఊరు. నేను అచ్చుల మధ్య పాకాను. ఆ ఫోటో చేతిలో పట్టుకుని నాకొక్కసారి కూడా తోచలేదు. కళ్ళు లేని అమ్మ వేళ్ళతో పోల్చుకుంది, కళ్ళున్న నేను కాగితాన్ని నమ్మాను.

మీ ఉత్తరం చదివాక అటకెక్కాను. గుడ్డ విప్పితే టేకు చెక్క మీద ఆకులు, తీగలు తప్ప నాకేమీ కనిపించలేదు. నాన్న రంగు గిన్నెలు ఎప్పుడో ఎండిపోయాయి. ల్యాబ్ నుంచి స్టాంపు సిరా తెచ్చి పూసి, పాత దిండు గలీబు మీద అద్దాను. ఎత్తి చూస్తే ఆకుల మధ్యలో చిలక ఉంది.

అన్న నాకు చేసిస్తానన్నది అదే. నాన్న ప్రాణమున్నదాన్ని దేన్నీ చెక్కేవాడు కాదు. పువ్వులు, తీగలు, మామిడిపిందెలు, అంతే. నాకు చిలక అచ్చు కావాలని ఏడిస్తే అన్న చెవిలో చెప్పాడు, నాన్నకి దొరక్కుండా ఆకుల్లో దాచి చెక్కి ఇస్తానని. చిలకకి ఒక రెక్క పూర్తిగా ఉంది. రెండో రెక్క పెన్సిల్ గీతగానే చెక్క మీద మిగిలిపోయింది, గుడ్డ మీద పడలేదు. "ఇంకా అవలేదు" అని అతను నాకు ఉన్నమాటే చెప్పాడు.

ఎక్కడున్నాడో తెలిసింది. పెడనలో అద్దకం షెడ్డు నడిపే సువర్ణ గారు మొన్న రక్తపరీక్షకి వచ్చారు. ఉపవాసాలు మొదలైన రోజున ఒకాయన పనికి చేరాడని, కనుబొమ్మ మీద గాటు, మాట తక్కువ, చెయ్యి మాత్రం మీ నాన్నగారి చెయ్యేనని చెప్పారు. బందరు దాటి పట్టుమని పది మైళ్ళు కూడా పోలేదు మా అన్న.

ఆదివారం పొద్దున అమ్మని తీసుకుని వెళ్తున్నాను. మీరు కూడా రావాలి. నలభై ఒకటో బొమ్మ కాగితం మీద తీసి పట్టుకురండి. వీధంతా నవ్విన చోట చెప్పాల్సిన మాట షెడ్డు పనివాళ్ళందరి ముందూ మీ నోటితోనే చెప్పండి. ఈసారి చెరువు వంక పెడితే సుచిత్ర వదినకి రాస్తాను.

నన్ను చూసి అతను లోపలికి వెళ్ళిపోతే ఏం చెయ్యాలో తెలియదు. తలుపు వేసుకుంటే తట్టే హక్కు నాకుందో లేదో కూడా తెలియదు. క్షమించమని అడగడానికి నోరు వస్తుందనుకోను. ఆ అచ్చూ, నాన్న ఉలీ అతని చేతిలో పెట్టి, "ఇంకా అవలేదన్నా" అంటాను.

నీలోఫర్